బ్యాటరీ సైకిలుకు ముందుగా కావలసినవి బ్రేకులు

మన హాస్టల్లో చదువుకుని వెళ్ళినవారిలో పలువురు ఇప్పుడు కాలేజీకీ, పనికీ బ్యాటరీ సైకిళ్ళ మీద వెళుతున్నారు. కొందరు కంపెనీ సైకిలు కొన్నారు. మరికొందరు ఇంట్లో ఉన్న పాత సైకిలుకే వెనుక చక్రంలో మోటారు పెట్టించి, ఫ్రేముకు బ్యాటరీ కట్టించుకున్నారు. పెట్రోలు ఖర్చు లేదు, చెమట పట్టదు, బస్సు కోసం ఎదురుచూడనక్కరలేదు. మంచిదే. అయితే షాపుకు వెళ్ళినవారు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత స్పీడు పోతుంది? ఒక చార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది? ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నకే జవాబు చెప్పదలచుకున్నాము.

లెక్క వేసి చూద్దాం

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో గతిజశక్తి పాఠం అందరం చదివినదే. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే గతిజశక్తి వస్తుంది. బ్రేకు చేసే పని ఈ శక్తిని ఘర్షణ ద్వారా వేడిగా మార్చడమే.

మామూలు సైకిలు 20 కిలోలు, తొక్కేవాడు 60 కిలోలు అనుకుందాం. మొత్తం 80 కిలోలు. గంటకు 15 కి.మీ. వేగంతో వెళుతుంటే గతిజశక్తి దాదాపు 700 జౌళ్ళు.

అదే సైకిలుకు మోటారు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు, వాటి పెట్టె, స్టాండు కలిపితే 40 కిలోల వరకు వస్తుంది. మనిషితో కలిపి 100 కిలోలు. వేగం గంటకు 25 కి.మీ. అయితే శక్తి 2400 జౌళ్ళు. వెనుక 50 కిలోల స్నేహితుడు కూర్చుంటే 3600 జౌళ్ళు. అంటే మామూలు సైకిలుకు ఉన్నదానికి అయిదు రెట్లు!

ఇప్పుడు పాత బ్రేకు 200 న్యూటన్ల బలంతో సైకిలును ఆపుతుందనుకుందాం. శక్తిని బలంతో భాగిస్తే ఆగే దూరం వస్తుంది. మామూలు సైకిలు మూడున్నర మీటర్లలో ఆగుతుంది. బ్యాటరీ సైకిలుకు 12 మీటర్లు కావాలి. ఇద్దరు కూర్చుంటే 18 మీటర్లు. ఇది బ్రేకు పట్టిన తరువాతి దూరం మాత్రమే. ఎదురుగా గేదె అడ్డం వచ్చిందని చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే బండి మరో 7 మీటర్లు ముందుకు పోతుంది. బండి మారింది, బ్రేకు మారలేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పాత బ్రేకులు ఎందుకు చాలవు?

మన నాన్నల కాలం నాటి సైకిళ్ళకు రాడ్డు బ్రేకులు ఉంటాయి. లీవరు నొక్కితే రాడ్డు పైకి లాగి, రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి వైపుకు నొక్కుతుంది. ఆ రిమ్ములు ఇనుముకు క్రోమియం పూత పూసినవి. వాన పడితే ఆ నునుపు మీద రబ్బరు జారిపోతుంది. వానలో గట్టిగా బ్రేకు పట్టినా సైకిలు వెంటనే ఆగకపోవడం మనలో చాలామందికి అనుభవమే. అల్యూమినియం రిమ్ముల మీద పట్టు మెరుగు. కాని బురద, నీరు ఎక్కడైనా రిమ్మునే ముందు అంటుకుంటాయి.

డిస్కు బ్రేకులో పట్టే చోటు రిమ్ము దగ్గర కాకుండా చక్రం మధ్యలో, హబ్బు పక్కన ఉంటుంది. నీరు, బురద అక్కడికి తక్కువ చేరతాయి. రిమ్ము కొంచెం వంకర పోయినా బ్రేకు పనిచేస్తుంది. అందుకే బరువైన బ్యాటరీ సైకిలుకు డిస్కు తగినది.

డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి?

మనవంటి కుటుంబాల పిల్లలకు అన్నీ ఒకేసారి మార్చడం కుదరదు. అందుచేత తక్కువ ఖర్చుతో మొదలుపెట్టి వరుసగా చెబుతున్నాము.

1. అరిగిన రబ్బర్లు, తుప్పు పట్టిన బ్రేకు వైర్లు మార్చాలి. రిమ్ము వంకర తీయించాలి. టైరు నున్నబడితే ఏ బ్రేకూ పనిచేయదు, కాబట్టి దాన్నీ చూసుకోవాలి.

2. మోటారును ఆపే స్విచ్చు ఉన్న బ్రేకు లీవర్లు వేయించాలి. లీవరు కొద్దిగా నొక్కగానే కంట్రోలరుకు సంకేతం వెళ్ళి మోటారు ఆగిపోతుంది. ఇది లేకపోతే కంగారులో యాక్సిలేటరు వదలనప్పుడు బ్రేకు ఒకవైపు, మోటారు మరొకవైపు లాగుతాయి. చాలా కిట్లలో ఈ లీవర్లు వస్తాయి. అయినా బిగించేటప్పుడు వైర్లు కలపకుండా వదిలేసినవి ఉంటాయి. చక్రం పైకెత్తి, మోటారు తిప్పి, లీవరు నొక్కి పరీక్షించి తీసుకోవాలి.

3. ముందు చక్రానికి డిస్కు వేయించాలి. వెనుక కంటే ముందే ఎందుకంటే, బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే.

4. చాలకపోతే పెద్ద డిస్కు వేయాలి. 160 మి.మీ. డిస్కు బదులు 180 మి.మీ.ది వేస్తే, చేతి బలం అంతే ఉన్నా ఆపే భ్రామకం ఎనిమిదో వంతు పెరుగుతుంది. 203 మి.మీ.ది అయితే నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. పెద్ద డిస్కు వేడిని కూడా బాగా తట్టుకుంటుంది.

5. చివరగా ఆయిల్ బ్రేకు. ఇందులో పనిచేసేది పాస్కల్ నియమమే. లీవరు దగ్గర చిన్న పిస్టను, చక్రం దగ్గర పెద్ద పిస్టను ఉంటాయి. ద్రవంలో పీడనం అంతటా సమానం కాబట్టి వైశాల్యం ఎక్కువ ఉన్న చోట బలం ఎక్కువ వస్తుంది. వైరు రాపిడి ఉండదు, రెండు వేళ్ళతో నొక్కినా చాలు. ప్యాడ్లు అరిగేకొద్దీ సర్దుబాటు దానంతట అదే జరుగుతుంది. రోజూ బరువులు వేసుకుని తిరిగేవారికి ఇది మేలు.

కొన్ని మోటార్లు బ్రేకు వేసినప్పుడు తిరిగి బ్యాటరీని చార్జి చేస్తూ బండిని నెమ్మదింపజేస్తాయి. అది అదనపు సాయమే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది పనిచేయకపోవచ్చు. దాన్ని నమ్ముకుని అసలు బ్రేకును అశ్రద్ధ చేయకూడదు.

బిగించేటప్పుడు జాగ్రత్తలు

డిస్కు క్యాలిపరు బిగించడానికి ఫోర్కుకు కంపెనీ పెట్టిన చెవులు ఉండాలి. పాత ఫోర్కుకు ముక్క వెల్డింగు పెట్టించి డిస్కు వేయడం చాలా ప్రమాదం. బ్రేకు బలమంతా ఒకే కాలు మీద పడి, సన్నని గొట్టం విరగవచ్చు. డిస్కుకు తగిన ఫోర్కు, చక్రం కలిపి మార్చడమే మార్గం. ఫోర్కు తయారుచేసినవారు చెప్పిన పరిమాణానికి మించిన డిస్కు వేయరాదు. ముందు చక్రం నట్లు తరచుగా సరిచూడాలి. డిస్కు బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని ఫోర్కు నుంచి కిందికి నెట్టే బలం పుడుతుంది.

ఆయిల్ బ్రేకుల్లో కొన్నింటికి మినరల్ ఆయిల్, కొన్నింటికి డాట్ ద్రవం వాడతారు. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి. ఏది పోయాలో మూత మీద చూసి పోయాలి.

డిస్కు మీద నూనె, గ్రీజు చుక్క కూడా పడకూడదు. కీచుమంటోందని నూనె వేస్తే బ్రేకు పోయినట్లే. నూనె పీల్చిన ప్యాడ్లను మార్చవలసిందే. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగం వరకు ఇరవైసార్లు బ్రేకు వేసి పదును చేయాలి. అంతవరకు పూర్తి పట్టు రాదు. కొత్త డిస్కు మందం సాధారణంగా 1.8 మి.మీ. ఉంటుంది. అరిగి ఎంతకు వస్తే మార్చాలో డిస్కు మీదే రాసి ఉంటుంది.

బ్రేకు వేసే పద్ధతి

ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఒక్కసారిగా బిగిస్తే నిజమే. కాని ముందు బ్రేకు వాడకుండా వెనుకదే నొక్కితే చక్రం ఈడ్చుకుపోతుంది, బండి ఆగదు. రెండూ కలిపి వేయాలి. ముందుది మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుతూ పోవాలి. చేతులు నిలబెట్టి శరీరాన్ని కొంచెం వెనక్కు జరపాలి. ఇసుక, కంకర, మలుపుల దగ్గర వేగం ముందే తగ్గించుకోవాలి.

పాడేరు, అరకు వంటి ఘాట్ రోడ్లలో తిరిగేవారు మరో లెక్క గుర్తుంచుకోవాలి. 100 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 98,000 జౌళ్ళ స్థితిజశక్తి తగ్గుతుంది. గాలి, టైర్లు కొంత పంచుకున్నా మిగిలినదంతా బ్రేకులే మోయాలి. 25 కి.మీ. వేగం నుంచి నలభైసార్లు ఆపినంత వేడి అది! వేగం పెరగనివ్వకుండా దిగాలి. మధ్యలో ఆగి బ్రేకులను చల్లారనివ్వాలి. వేడెక్కిన డిస్కును చేత్తో తాకరాదు.

నిబంధన ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, తగిన బ్రేకులు, ముందు తెల్ల, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. బ్రేకు బాగుంది కదా అని వేగం హద్దు తీయించుకోవడం తప్పు. రిజిస్ట్రేషను ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు సొంతంగా బ్రేకులు మార్చరాదు. అవి కంపెనీ సర్వీసులోనే చూపించాలి.

తమ్ముళ్ళూ! పెద్ద బ్యాటరీ కోసం రెండు వేలు కూడబెట్టిన రోజున, అందులో మొదటి వంతు బ్రేకుకు కేటాయించండి. పది కిలోమీటర్లు తక్కువ తిరిగితే నష్టం లేదు. అయిదు మీటర్లు ముందు ఆగలేకపోతే మాత్రం ఆ నష్టాన్ని ఇంట్లోవాళ్ళు జీవితాంతం మోయాలి. మన చదువు మీద ఆశలు పెట్టుకున్న అమ్మానాన్నలు గుమ్మంలో ఎదురుచూస్తుంటారు. క్షేమంగా ఇంటికి చేర్చేదే మంచి బండి.