ఒకే ఫోనులో రెండు చిట్టాలు

చేయవలసిన పనులను చేతిఫోనులో వ్రాసికొను అలవాటు నేడు అనేక కుటుంబములలో కలదు. మైక్రోసాఫ్ట్ టు డూ, గూగుల్ టాస్క్స్, టుడూయిస్ట్ వంటి యాప్‌లు ఇందుకు ఉపకరించుచున్నవి. అయితే పెక్కుమంది పనులన్నిటిని ఒకే చిట్టాలో కుమ్మరింతురు. నెలాఖరు లెక్కల ప్రక్కన పాలవాని బాకీ, దాని క్రింద పై అధికారికి పంపవలసిన నివేదిక, ఆ క్రింద నాయనమ్మగారి మాత్రలు. ఆదివారమునాడు మాత్రల కొరకు ఫోను తెరచిన వానికి ముందుగా కనిపించునది నివేదిక. ఇక ఆ పూటకు విశ్రాంతి యెక్కడిది?

చిట్టాలు రెండు కావలెననుటలో సందేహము లేదు. ఎట్లు విభజింపవలెనన్నదే చిక్కు. వేళను బట్టి విభజించువారు త్వరలోనే తబ్బిబ్బగుదురు. పిల్లవాని పాఠశాల రుసుము ఇంటి పనియే. అందుకై బ్యాంకునకు పోవలసినది మాత్రము ఆఫీసు వేళలో. ఏ పనికి ఎవరికి జవాబు చెప్పవలెనో దానిని బట్టి విభజించుట మేలని మేము తలంచుచున్నాము. వేళ సంగతి గడువు తేదీ చూచుకొనును. టు డూలో ‘మై డే’ అను పుట యొకటి కలదు. ఆనాటి పనులను రెండు చిట్టాలనుండి ఏరి అందులో చేర్చుకొనవచ్చును. రాత్రి గడచినంతనే ఆ పుట ఖాళీ యగును. మిగిలిన పనులు తమ తమ చిట్టాలలో పదిలముగా నుండును.

ఇంతకంటె ముఖ్యమైనది ఖాతా విషయము. కార్యాలయమువారిచ్చిన ఖాతాలోనే ఇంటి పనులను గూడ వ్రాసికొనువారు కలరు. ఆ ఖాతాపై పెత్తనము కార్యాలయముదే. దానిని నిర్వహించువారికి అందలి సమాచారమును చూచు అవకాశముండును. ఉద్యోగము విడిచిననాడు ఖాతా మూతపడును. దానితోబాటు తల్లిగారి వైద్యపరీక్షల తేదీలు, బీమా వాయిదాలు చేజారును. కనుక ఇంటి చిట్టా సొంత ఖాతాలోనే యుండవలెను. ఖాతాలు రెండైనచో ‘మై డే’ కూడ రెండగును, ఉదయము రెండు పుటలు చూడవలసివచ్చును. ఆపాటి శ్రమ భరింపదగినదే.

సొంత ఖాతాలో మరియొక లాభము. టు డూలో ఇంటి చిట్టాను భార్యాభర్తలు పంచుకొనవచ్చును. గ్యాసు సిలిండరు బుక్ చేసినవారు ఆ పనికి గుర్తు పెట్టినచో రెండవవారి ఫోనులోను అది పూర్తియైనట్లు కనిపించును.