పల్నాటి పెరటిలో డే లిల్లీ

డే లిల్లీ పువ్వు సాధారణముగా ఒక్క దినమే నిలచును. మరునాడు వేరొక మొగ్గ విచ్చును. అందుకే 1753లో లిన్నేయస్ దీని జాతికి ‘హెమెరోకాలిస్’ అని పేరిడెను. గ్రీకున దాని అర్థము ‘ఒకనాటి అందము’. పల్నాటిలో దీని రకమును చలికాలమును బట్టి, నాటుచోటును వేసవిని బట్టి ఎన్నుకొనవలెను.

కొన్ని రకములు చలికాలమున ఆకులు ఎండి నిద్రించును. తగిన చలి లేనిచో అవి ఏటేట క్షీణించును. పల్నాటి చలి అందుకు చాలదు. కావున నరసరావుపేట, మాచర్ల, గురజాల పెరళ్ళకు ఏడాది పొడవునా పచ్చగా నుండు రకములే తగును.

ఎండలకు పేరుపడిన రెంటచింతల ఈ సీమలోనిదే. అట్టి వేడిలో నీరు చాలనిచో మొగ్గలు రాలును. ఉదయపుటెండ, మధ్యాహ్నపు నీడ గల చోట నాటి, చుట్టును ఎండుగడ్డి పరచినచో వేళ్ళు చల్లగా నుండును. నల్లరేగడిలో వాననీరు నిలిచినచో మొక్క మొదలు కుళ్ళును. కనుక మట్టిని ఎత్తుచేసి నాటవలెను.