జిగురు టేపు సాక్ష్యము - న్యాయస్థానముల బాధ్యత

నేరము చేసినవాడు నోరు విప్పకున్నను అతడు తాకిన వస్తువు సాక్ష్యము పలుకునని శాస్త్రజ్ఞులు వక్కాణించుచున్నారు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునందు 1910లో పోలీసు పరిశోధనశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డు ఈ మార్గమునకు ఆద్యులలో నొకడు. రెండు వస్తువులు తాకినపుడు ఒకదాని రేణువు వేరొకదానికి సంక్రమించునన్నది ఆయన బోధనకు సారము. ఇందులకు అంగడిలో దొరకు జిగురు టేపుకంటె మంచి నిదర్శనము లేదు.

దుర్మార్గుడు నిరపరాధుల చేతులు కట్టుటకును, బాంబును చుట్టుటకును ఈ టేపునే వాడును. వాని వ్రేలిముద్ర, వెండ్రుక, బట్టనూలు, ఇంటిధూళి జిగురున చిక్కుకొనును. పరీక్షకుడు మొదట వీనినే భద్రపరుపవలెను. రసాయనములు సోకినచో ఇవి నశించును. పిమ్మట టేపు వెడల్పును, రంగును, గుడ్డటేపైనచో అంగుళమునకు గల నూలుపోగులను లెక్కించును. పరారుణ కిరణములచే జిగురు రబ్బరుజాతిదో, ఆక్రిలిక్ జాతిదో తెలియును. ఎక్సురే కిరణములచే అందు కలిపిన సున్నపుపొడి, టిటానియము మొదలగునవి బయల్పడును. తునుకను మిక్కిలి కాచి, వెలువడిన వాయువులను వేరుపరచి చూచుటయు కలదు.

ఇంత చేసినను తేలునదేమి? రెండు తునుకలు ఒకే రకమునకు చెందియుండవచ్చునని మాత్రమే. అట్టి చుట్టలు ఒక్క కర్మాగారమునుండి వేలకొలది వెలువడును. చినిగిన అంచు చుట్టయొక్క అంచుతో పోగుపోగున సరిపోయినచో సాక్ష్యము మిక్కిలి బలపడును. ఈ రెంటికి గల తారతమ్యమును న్యాయమూర్తి ఎరుగకున్నచో నిరపరాధి చెరసాల పాలగును.

ఇది ఊహ కాదు. అమెరికాలో తుపాకిగుండ్ల సీసమునందలి ఆర్సెనికు, ఆంటిమొని వంటి ధాతువులను కొలిచి, గుండు ముద్దాయి పెట్టెలోనిదేయని సూచించు నిపుణులు చిరకాలము సాక్ష్యమిచ్చిరి. ఒకే కూర్పుగల సీసమునుండి 12,000 మొదలు 3 కోట్ల 50 లక్షల చిన్న గుండ్లవరకు తయారుకావచ్చునని ఆ దేశపు జాతీయ పరిశోధనా మండలి 2004లో తేల్చెను. 2005లో ఎఫ్.బి.ఐ. ఆ పరీక్షను విరమించెను. కొలతలో దోషము లేదు. కొలతనుండి తీసిన నిర్ణయమే దోషము.

మనకీ విషయము దూరమైనది కాదు. రసాయన పరీక్షకుని శాల మద్రాసున 1849లోనే వెలసినది. ఆంగ్లేయ ప్రభుత్వము 1898లో చేసిన క్రిమినల్ ప్రొసీజరు కోడు 510వ సెక్షను, పరీక్షకుడు బోను ఎక్కకయే అతని నివేదిక సాక్ష్యముగ చెల్లునని శాసించెను. ఆ ఏర్పాటు 1973 నాటి కోడున 293వ సెక్షనై, నేడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 329వ సెక్షనై నిలచియున్నది. నిపుణుని పిలిపించుట న్యాయస్థానపు ఇచ్ఛకు విడువబడినది. ఏడేండ్లకు తక్కువకాని శిక్షగల నేరములందు నిపుణుడు ఘటనాస్థలమునకు పోవలెనని ఈ సంహితయే విధించినది. అమలునకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. ఇది శ్లాఘనీయము. కాని నివేదికలు పెరిగినకొలది వానిని ప్రశ్నించు శక్తియు పెరుగవలెను.

కావున మా కోరిక లివి. అట్టి వస్తువులు అంగడిలో నెన్ని యుండవచ్చునో, పరీక్ష ఎంతవరకే చెప్పగలదో ప్రతి నివేదికయందును వ్రాయబడవలెను. ముద్దాయి కోరినపుడు నిపుణుని బోను ఎక్కింపవలెను. బీదముద్దాయికి స్వతంత్ర నిపుణుని సాయము ప్రభుత్వ వ్యయమున లభింపవలెను. పరిశోధనశాలలు పోలీసుల అధికారమునకు లోబడి యుండరాదు. పౌరుని స్వేచ్ఛ ప్రశ్నింపబడని కాగితముపై ఆధారపడుట స్వతంత్ర దేశమునకు తగదు.