వార్తల్లో పదం: వెన్నుపూసల గుండె కొలత

కుక్క గుండె పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? సెంటీమీటర్లలో కొలిస్తే లాభం లేదు. పొమేరియన్ గుండె, లాబ్రడార్ గుండె ఒక్కలా ఉండవు కదా! అందుకే 1995లో బుకానన్, బ్యూహ్లర్ అనే పశువైద్యులు కుక్క వెన్నుపూసనే కొలబద్ద చేశారు. పక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో గుండె పొడవు, వెడల్పు కొలుస్తారు. ఆ రెండూ ఎన్ని పూసల మేర వస్తాయో ఛాతీ నాలుగో పూస నుంచి లెక్కగట్టి కూడుతారు. దీన్నే వెన్నుపూసల గుండె కొలత (వీహెచ్‌ఎస్) అంటారు. 100 ఆరోగ్యమైన కుక్కల్లో సగటు 9.7 వచ్చింది. అయితే కొన్ని జాతులకు సహజంగానే ఎక్కువ.

మరి వయసు? ఎదిగే కుక్కపిల్లల్లో ఈ కొలత దాదాపు మారదు. ఒళ్లు, గుండె జతగానే పెరుగుతాయి. ముసలితనంలో గుండెను ఉబ్బించేది ఏళ్లు కాదు, చాలావరకు గుండెలోని మైట్రల్ కవాటం చెడిపోయే జబ్బు. చిన్న జాతుల్లో ఇది మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి మెల్లగా సాగి, గుండె విఫలమయ్యే ముందు నెలల్లో కొలత ఒక్కసారిగా ఎగబాకుతుంది. ‘ముసలిది, ఆయాసపడుతోందిలే’ అనేయడం అన్యాయమే. ఈ జబ్బుండి, ఆరేళ్లు దాటి, కొలత 10.5 మించి, స్కానింగ్‌లోనూ గుండె పెరిగిన కుక్కలకు పిమోబెండాన్ మందిస్తే గుండె వైఫల్యం సుమారు 15 నెలలు వెనక్కి జరిగిందని 2016లో ఎపిక్ అధ్యయనం చూపింది.

అరకు, పాడేరు కొండల్లోని మారుమూల గూడెం నుంచి ఎక్స్‌రే కోసం కుక్కను ఘాట్ దించడం అందరివల్లా కాదు. అక్కడ ఉపయోగపడేది మరో లెక్క: నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూడాలి. అది 30 దాటుతూ ఉంటే పశువైద్యుడికి చెప్పాలి.