పిల్లి గోళ్ల గోల! మీకు తెలుసా?

● పిల్లికి గోళ్లెన్నో చెప్పండి చూద్దాం! నాలుగు కాళ్లు, కాలికి ఐదు, మొత్తం ఇరవై అనేశారా? అయితే రెండు ఎక్కువ చెప్పారు! ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, వెరసి 18.

● పెద్దపులికీ అంతే, 18! బరువులో మన ఇంటి పిల్లికన్నా యాభై రెట్లు ఉంటుంది గానీ, గోళ్ల లెక్కలో మాత్రం ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

● అప్పుడే పుట్టిన పిల్లికూనకు గోళ్లు లోపలికి ముడుచుకోవడం చేతకాదు! ఆ విద్య పట్టుబడటానికి దాదాపు నెల రోజులు పడుతుంది, అందాకా తల్లి పొట్ట మీద గీతలే గీతలు.

● ఎదిగిన పిల్లికి గోళ్లు దాచుకోవడానికి ఏ శ్రమా అక్కర్లేదు, బయటికి చాపడానికే శ్రమ! ఊరికే కూర్చున్నప్పుడు సాగే బంధనాలు వాటిని లోపలికి లాగిపెట్టి ఉంచుతాయి, కండరం బిగిస్తేనే బయటికొస్తాయి.

● వేగానికి పేరుపడ్డ చీతా మాత్రం గోళ్లను పూర్తిగా దాచుకోలేదు. పరుగులో నేలను పట్టుకోవడానికి అవి ఎప్పుడూ కాస్త బయటే ఉంటాయి.

● ఇప్పుడు అసలు వింత! సోఫాలూ కర్టెన్లూ చిరిగిపోకుండా పిల్లికి గోళ్లే లేకుండా చేసే ఆపరేషన్ ఒకటి అమెరికాలో దశాబ్దాలుగా ఉంది, దాని పేరు డీక్లాయింగ్. అందులో గోటితో పాటు వేలి చివరి ఎముకను కూడా తీసేస్తారు! ఎందుకంటే పిల్లి గోరు ఆ ఎముకనే అంటిపెట్టుకుని పెరుగుతుంది. ఎముక ఉంచి గోరొక్కటే పీకితే కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది.

● మీ రెండు చేతులూ ముందుకు చాపండి. పది వేళ్లకూ చివరి కణుపు దగ్గర ఒక్కో గీత ఊహించుకోండి. ముందు కాళ్లకు డీక్లాయింగ్ చేస్తే పిల్లికి పోయేది సరిగ్గా అంత, పది వేలికొసలు! నాలుగు కాళ్లకూ చేయిస్తే 18. అలా చేయించినవాళ్లూ తక్కువేం లేరు.

● పిల్లి పాదమంతా ఆనించి నడవదు, వేళ్ల మీదే నడుస్తుంది! వేలికొసలు పోయాక బరువంతా వెనక్కి జరుగుతుంది, నడక తీరే మారిపోతుంది.

● ఈ ఆపరేషన్‌కు ఒకప్పుడు ఎక్కువగా వాడిన పరికరం ఏమిటో ఊహించగలరా? గోళ్లు కత్తిరించే గిలెటిన్ రకం కత్తెర! తర్వాత చిన్న కత్తులొచ్చాయి, ఆపైన లేజర్ వచ్చింది. ఏది వచ్చినా తీసేది ఆ ఎముకనే.

● ఇంకో చిత్రమైన ఆపరేషన్‌లో గోళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, కానీ పిల్లి వాటిని వాడలేదు! గోటిని బయటికి తెచ్చే స్నాయువును కోసేస్తారు, కాబట్టి అది గోక్కోలేదు. పెరిగిపోయే గోళ్లను యజమానే జీవితాంతం కత్తిరిస్తూ ఉండాలి.

● అమెరికాలో ఒకప్పుడు డీక్లాయింగ్ ప్యాకేజీగా కూడా దొరికేది! పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి, ఒకే మత్తులో రెండూ కానిచ్చేసేవారు.

● 2017లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో 274 పిల్లుల్ని పరీక్షించారు, సగం గోళ్లున్నవి, సగం లేనివి. గోళ్లు తీసిన 137 పిల్లులకు ఎక్స్‌రే తీస్తే 86 పిల్లుల పాదాల్లో ఎముక ముక్కలు ఇంకా మిగిలే ఉన్నాయి! అంటే నూటికి 63. పని పూర్తిగా జరిగింది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ పిల్లుల్లోనే అన్నమాట.

● ఆ పరిశోధనలోనే ఇంకో లెక్క చూడండి. గోళ్లు తీసిన పిల్లులకు నడుం నొప్పి ఉండే అవకాశం దాదాపు 3 రెట్లు, కరిచే అవకాశం నాలుగున్నర రెట్లు, లిట్టర్ బాక్స్ అనే ఇసుకపెట్టె వదిలేసి ఇంట్లో ఎక్కడపడితే అక్కడ తడిపే అవకాశం 7 రెట్లు! సోఫాను కాపాడుకోబోయి కార్పెట్‌ను పోగొట్టుకున్నారు. గోళ్లు లేని పిల్లికి మిగిలిన ఆయుధం పళ్లే కదా, కరవక ఏం చేస్తుంది? పాదాలు సలుపుతుంటే గరుకు ఇసుకలో కాలెలా పెడుతుంది?

● ఈ ఆపరేషన్ అయిన పిల్లులకు కొన్నాళ్లపాటు మామూలు లిట్టర్ బదులు చించిన న్యూస్‌పేపర్ ముక్కలు వేస్తారు! ఇసుక రేణువులు గాయాల్లో ఇరుక్కోకుండా అదో జాగ్రత్త.

● పిల్లులకు నొప్పి తగ్గించే మందు ఎంత బాగా పనిచేస్తుందో తేల్చాలంటే ముందు గట్టి నొప్పి కావాలి. ఆ పరీక్షల కోసం పరిశోధకులు పదేపదే ఎంచుకున్న ఆపరేషన్లలో డీక్లాయింగ్ ఒకటి! ఇది మామూలు నొప్పి కాదని వాళ్లకు బాగా తెలుసన్నమాట.

● పిల్లి నొప్పిని దాచుకోవడంలో గడుసుది, అందుకే దాని ముఖం చూసి నొప్పికి మార్కులు వేసే పద్ధతి కనిపెట్టారు! కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయంవారు 2019లో ప్రకటించిన ఈ కొలతలో చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల నిలిపిన తీరు చూస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం పదికి. ఇక్కడ మార్కులు తక్కువొస్తేనే పాస్!

● యూరప్ దేశాలు డీక్లాయింగ్ విషయాన్ని 1987లోనే తేల్చేశాయి! పెంపుడు జంతువుల రక్షణకు కుదిరిన యూరప్ ఒప్పందంలో గోళ్లు తీయడం, మొరగకుండా స్వరతంతువులు కోయడం, అందం కోసం చెవులు కత్తిరించడం, అన్నీ ఒకే పద్దు కింద కూడదన్నారు. వైద్యపరంగా అవసరమైతే మాత్రం మినహాయింపు.

● అమెరికాలో డీక్లాయింగ్‌ను మొదట నిషేధించింది ఎవరు? న్యూయార్క్ అనుకుంటున్నారా? కాదు, వెస్ట్ హాలీవుడ్! 5 చదరపు కిలోమీటర్లు కూడా లేని ఈ బుల్లి ఊరు 2003లోనే ఆ పని చేసింది.

● ఆ నిషేధం మీద కోర్టుకెక్కింది ఎవరో తెలుసా? సోఫాలు అమ్మేవాళ్లు కాదండీ, కాలిఫోర్నియా పశువైద్యుల సంఘం! వైద్యుడు ఏ ఆపరేషన్ చేయాలో ఊరి కౌన్సిల్ ఎలా చెబుతుందన్నది వాళ్ల వాదన. కింది కోర్టులో డాక్టర్లు గెలిచారు, 2007లో అప్పీలులో ఊరు గెలిచింది.

● కథ అక్కడితో ఆగలేదు! 2010 జనవరి 1 నుంచి ఊళ్లు ఇలాంటి నిషేధాలు పెట్టకూడదని కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. గడువు ముంచుకొస్తుంటే 2009 చివరి నెలల్లో లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో, బర్క్‌లీ సహా 7 నగరాలు హడావుడిగా నిషేధాలు పాస్ చేసేసుకున్నాయి. తలుపు మూసేలోపు దూరిపోవడమంటే ఇదే!

● పులులకూ సింహాలకూ కూడా ఈ ఆపరేషన్ చేసేవారు! సర్కస్‌లకూ సినిమాలకూ వాడుకునేందుకు గోళ్లు తీసేసేవారు. పిల్లి 4 కిలోలు, పులి 200 కిలోలు, అంత బరువూ ఆ తెగిన వేళ్ల మీదే! హాలీవుడ్ సినిమా జంతువులకు వైద్యం చేసే జెన్నిఫర్ కాన్‌రాడ్ అనే డాక్టరు, ఇలా కుంటుతున్న పెద్ద జంతువుల పాదాలకు మళ్లీ ఆపరేషన్లు చేసి స్నాయువులు సరిచేస్తూ ఈ పోరాటంలోకి వచ్చారు. 2013లో దీని మీద ఒక డాక్యుమెంటరీ కూడా తీశారు.

● అమెరికాలో పులికి రక్షణ ముందొచ్చింది, పిల్లికి తర్వాత! లైసెన్సుతో క్రూరమృగాల్ని పెంచేవాళ్లు వాటి గోళ్లు తీయించకూడదని అక్కడి వ్యవసాయ శాఖ 2006లో చెప్పింది. ఇంటి పిల్లికి ఒక రాష్ట్రం మొత్తంలో ఆ భాగ్యం దక్కడానికి ఇంకా 13 ఏళ్లు పట్టింది.

● ఆ మొదటి రాష్ట్రం న్యూయార్క్, 2019 జులైలో. తప్పు చేస్తే జరిమానా 1000 డాలర్ల దాకా. 2022లో మేరీలాండ్, ఆ తర్వాత వర్జీనియా, మసాచుసెట్స్ అదే బాట పట్టాయి.

● ఇజ్రాయెల్ 2011లో చేసిన చట్టం ముందు 1000 డాలర్లు ఏ మూలకు! అక్కడ 75,000 షెకెళ్ల జరిమానా, ఏడాది జైలు. అప్పటి లెక్కన సుమారు 20 వేల డాలర్లు.

● మరి మన దేశంలో? జంతువులను అంగవిహీనం చేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే, కానీ మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! మీరు చదివింది నిజమే, యాభై రూపాయలే. ఈ రోజుల్లో దాంతో రెండు టీలు తాగితే చేతిలో చిల్లర మిగలదు.

● అదే పులిగోరు దగ్గరుంటే మాత్రం జైలే! పూర్వం పసిపిల్లలకు దిష్టి తగలకుండా బంగారం కట్టించి మెడలో వేసిన పులిగోరు పతకాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నేరం కింద జమకట్టింది.

● అమెరికాలో అద్దెకుండే తెలుగువాళ్లూ, ఇది మీకే! ఒకప్పుడు కొందరు ఇంటి ఓనర్లు “పిల్లి ఉండొచ్చు, గోళ్లు ఉండకూడదు” అని అగ్రిమెంటులో రాయించుకునేవారు. కాలిఫోర్నియాలో 2013 నుంచి ఆ షరతు పెట్టడం కుదరదు. కుక్కకు మొరగకుండా ఆపరేషన్ చేయించమనడమూ కుదరదు.

● స్నికర్స్ చాక్లెట్‌కూ పిల్లి గోళ్లకూ సంబంధం ఏమిటి? రెండింటి వెనకా మార్స్ కంపెనీయే ఉంది! అమెరికాలో వెయ్యికి పైగా పశువైద్యశాలలు ఈ చాక్లెట్ కంపెనీవే, వాటిలో అవసరం లేని డీక్లాయింగ్ ఆపేస్తున్నట్టు 2020లో ప్రకటించింది.

● అదే ఏడాది అమెరికా పశువైద్యుల పెద్ద సంఘం కూడా దీన్ని ప్రోత్సహించబోమంది, కానీ చివరి నిర్ణయం డాక్టరు విచక్షణకే వదిలింది! పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడటమంటే ఇదీ. పిల్లుల వైద్యుల సంఘం మాత్రం 2017లోనే గట్టిగా వ్యతిరేకించింది.

● డాక్టర్లు చెప్పే ఒక వాదన కొట్టిపారేయదగ్గది కాదు: “మేం చేయకపోతే ఆ పిల్లిని వీధిలో వదిలేస్తారు, లేదా ఇంజెక్షన్ ఇచ్చి చంపేయమంటారు, వేళ్లు పోయినా ప్రాణం మిగులుతుంది కదా!” మరి నిషేధించాక నిజంగా అలా జరిగిందా? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2018లో నిషేధం వచ్చింది. అక్కడి షెల్టర్లలో 2015 నుంచి 2021 దాకా చేరిన 74,587 పిల్లుల లెక్కలు తిరగేశారు. ఇంట్లో సామాను పాడుచేస్తోందని తెచ్చి అప్పగించినవి నూటికి 0.18 మాత్రమే! వెయ్యికి రెండు కూడా లేవు. నిషేధం తర్వాత పిల్లుల్ని వదిలేయడం, చంపించడం పెరిగిన దాఖలా కనపడలేదు.

● రోగనిరోధక శక్తి తక్కువున్న మనుషులు కూడా పిల్లికి గోళ్లు తీయించాల్సిన పనిలేదు! గోళ్లు కత్తిరిస్తూ, పిల్లితో మొరటుగా ఆడకుండా ఉంటే చాలని అమెరికా ఆరోగ్య సంస్థల మాట.

● అయితే ఒక్కోసారి వేలు తీయక తప్పదు. పిల్లికి ఊపిరితిత్తుల్లో కేన్సర్ వస్తే అది కాలి వేళ్లలో బయటపడవచ్చు, వింతగా లేదూ? వేలికి కణితి వచ్చినా, మానని ఇన్ఫెక్షన్ పట్టినా ఆపరేషన్ చేయడానికి నిషేధించిన చట్టాలన్నీ ఒప్పుకుంటాయి.

● 28 వేళ్ల పిల్లి కూడా ఉండేది! కెనడాకు చెందిన జేక్ అనే పిల్లి 2002లో గిన్నిస్‌కెక్కింది, ఒక్కో వేలికీ విడిగా గోరు, మెత్త, ఎముక అన్నీ ఉండేవి. దీనికి గోళ్లు తీయించాలంటే సర్జన్‌కు ఆ పూటంతా పట్టేది.

● రచయిత హెమింగ్వే ఇంట్లో ఇప్పటికీ పదుల కొద్దీ పిల్లులుంటాయి, వాటిలో సగానికి ఆరేసి వేళ్లు! అమెరికాలో కీ వెస్ట్ అనే దీవిలోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లు పుస్తకాల కన్నా పిల్లులకే ఎక్కువ ఫొటోలు తీస్తే ఆశ్చర్యమేముంది!

● పిల్లి గోళ్లకు రంగురంగుల టోపీలు కూడా అమ్ముతారు! మెత్తటి ప్లాస్టిక్ తొడుగుల్ని జిగురుతో అతికిస్తే 4 నుంచి 6 వారాల్లో గోటి పొరతో పాటు అవే ఊడిపోతాయి.

● పిల్లి సోఫాను గోకేది మీ మీద కోపంతో కాదు! అరిగిన పైపొర ఊడి కింద కొత్త మొన తేలడానికి గోకుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది, పాదాల్లోని గ్రంథుల వాసన అంటించి “ఇది నా చోటు” అని రాసుకుంటుంది. మూడు పనులూ ఒకే గోకుడులో! నేలమీద అక్కడక్కడ సన్నటి, వంకర తిరిగిన ఖాళీ గోళ్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి ఊడిన పొరలే.

● పిల్లి గోరు కత్తిరించడానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, అర నిమిషం చాలు! వేలి మెత్తను మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీరంగు గీత కనిపిస్తుంది, అక్కడ రక్తం ఉంటుంది. దాన్ని తాకకుండా తెల్లటి మొన మాత్రం తీసేయాలి. రెండు మూడు వారాలకోసారి చేస్తే సరి.

● చివరిగా, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు ఒక మాట. కదలని దుంగకో, గట్టి చెక్కకో కొబ్బరితాడు బిగుతుగా చుట్టండి. పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లు విరుచుకున్నా ఇంకా కాస్త మిగిలేంత ఎత్తుండాలి, సుమారు మూడడుగులు. దాన్ని సోఫా పక్కనే నిలబెట్టండి. అందంగా లేదని తీసుకెళ్లి గది మూలన దాచారో, మీ పిల్లి మళ్లీ సోఫా మీదికే వస్తుంది!