బిస్కత్తులు — అతిథి మర్యాద

మాకు బిస్కత్తులయందు మక్కువ మెండు. ఈ మాట విన్న పెద్దలు కొందఱు, మన యిండ్ల అరిసెలును, సున్నుండలును, చెక్కలును ఏమైనవని అడుగుదురు. అవియు మాకు ప్రియములే. కాని అరిసెలు వండుటకు పూటంతయు పట్టును. చెప్పకుండ వచ్చిన చుట్టము అంతసేపు నిలువదు. డబ్బాలో నాలుగు బిస్కత్తులున్నచో ఇల్లాలు పొయ్యియొద్ద చిక్కుకొనక, కాఫీగ్లాసు చేతికిచ్చి, ఎదుట కూర్చుండి కుశలమడుగవచ్చును. బిస్కత్తులవలన మనకు గలిగిన మొదటి మేలు ఇదియే.

ఇది సముద్రముమీదుగ వచ్చిన తినుబండారము. రెండుమార్లు కాల్చినదని లాటినుభాషలో దాని పేరునకు అర్థము. పూర్వము ఐరోపా నావికులు, పిండిని నీటితో కలిపి గట్టిగ కాల్చిన బిస్కత్తులను దూరప్రయాణములలో నెలలతరబడి తినుచుండిరి. ఆ దేశపు వర్తకులలో ఆంగ్లేయులు 1626లో మన నెల్లూరు తీరమున దుగరాజపట్నమువద్ద స్థావర మేర్పఱచుకొనిరి. తరువాత మనదేశముననే బిస్కత్తుల తయారీ సాగినది. 1880లో తలచ్చేరిలో మాంబళ్లి బాపు అను నాయన బిస్కత్తుల కర్మాగారమును నెలకొల్పెను. 1892లో కలకత్తాలో 295 రూపాయల మూలధనముతో మొదలైన చిన్న పరిశ్రమయే పిమ్మట బ్రిటానియా కంపెనీ అయ్యెను.

మైపాడు, కృష్ణపట్నము వంటి తీరగ్రామముల గృహిణులకు ఒక చిక్కు తెలియును. విప్పిన పొట్లము త్వరలోనే మెత్తబడును. బాగుగ ఎండిన పదార్థమగుటచేత బిస్కత్తు సముద్రపుగాలిలోని తేమను పీల్చుకొనును. కావున పొట్లము విప్పగనే బిగువైన మూతగల పొడి డబ్బాలో పోయవలెను. కేకును దానితో కలిపి యుంచరాదు. కేకులోని తడి బిస్కత్తులకు పాకును. మెత్తబడినవాటిని దళసరి పెనముపై సన్నని సెగను వెచ్చచేసి, పూర్తిగ చల్లారనిచ్చినచో మరల కరకరలాడును.

సోదరీమణులారా! మక్కువ యెంత యున్నను ఒక్క హద్దు దాటరాదు. బిడ్డ అన్నము వద్దని మారాము చేసినపుడు పాలలో బిస్కత్తు నానబెట్టి పెట్టుట పెక్కు యిండ్లలో అలవాటైనది. కడుపు నిండినట్లు తోచునే కాని, తీపి బిస్కత్తులలో అధికభాగము మైదాయు, చక్కెరయు, నూనెయుమాత్రమే. 6 నెలలు మొదలు 23 నెలలవఱకు గల శిశువులకు చక్కెర, ఉప్పు అధికముగ నుండు ఆహారము పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. వారికి మెత్తని పప్పన్నము, గ్రుడ్డు, అరటిపండు మేలు. మధుమేహముగల పెద్దలకు ఉప్పుబిస్కత్తులైనను మితముగనే పెట్టవలెను, అవియు మైదావే. వారి పళ్లెమున వేయించిన వేరుసెనగలు ఉంచుట మంచిది.

అతిథి వచ్చినపుడు రెండు, భోజనమైన పిమ్మట పిల్లలకు ఒకటి—ఈ కొలతతో మా యింట డబ్బా ఎన్నడును ఖాళీకాదు, అన్నము కుండలో మిగిలిపోదు.