సమాచారానికి ఒక గాదె

పూర్వం మన పల్లెల్లో పంట ఇంటికి రాగానే ధాన్యాన్ని గాదెలో పోసేవారు. ఇంటిల్లిపాదికీ అదే నిల్వ. నేడు ఇళ్ళలోనూ, చిన్న దుకాణాల్లోనూ మరో రకం పంట పండుతోంది. ఫోటోలు, వీడియోలు, పద్దులు, బిల్లులు, ఇవన్నీ ఆ పంటే. వీటిని దాచుకునే గాదె పేరు 'నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్'. పొట్టిగా 'నాస్' అంటారు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామా?

మీ ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో ఉందనుకోండి. పెళ్ళిళ్ళ రోజుల్లో వేలకొద్దీ ఫోటోలు వస్తాయి. ఒక కంప్యూటర్ మీద ఒకరు రంగులు సరిచేస్తారు. ఇంకో కంప్యూటర్ మీద మరొకరు ఆల్బమ్ కూరుస్తారు. ఫోటోలు ఒక్క దానిలోనే ఉంటే, ప్రతిసారీ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి మోసుకుపోవాలి. ఏది పాత ప్రతో, ఏది కొత్త ప్రతో తెలియక తికమక. ఈ చిక్కును నాస్ తీరుస్తుంది.

నాస్ ఒక చిన్న పెట్టె. లోపల రెండో, నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ ఉంటాయి. దానికి తెర అక్కరలేదు. తీగతో రౌటర్‌కు కలిపితే చాలు, అక్కడి కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ దాన్ని వాడుకోగలవు. పేరూ పాస్‌వర్డూ సరిగా చెప్పినవారికే తలుపు తెరుచుకుంటుంది. దూరాన ఉన్న డిస్కును సొంత డిస్కులాగే వాడుకునే ఇలాంటి పద్ధతుల్లో ప్రసిద్ధమైన ఎన్.ఎఫ్.ఎస్.ను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది.

వేగం ఎంతో మీరే లెక్కకట్టండి. నెట్‌వర్క్ తీగ గుండా సెకనుకు 100 కోట్ల బిట్లు పోతాయనుకుందాం. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే సెకనుకు 12.5 కోట్ల బైట్లు, అనగా 125 మెగాబైట్లు. ఒక్కో ఫోటో 5 మెగాబైట్లయితే సెకనుకు 25 ఫోటోలు! ఆచరణలో కొంచెం తగ్గుతుంది.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తయారుచేసిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచింది 50 లక్షల అక్షరాలు. మనం చెప్పుకున్న ఫోటో ఒక్కటి కూడా అందులో పట్టదు! నేటి డిస్కు అరచేతిలో ఇముడుతుంది. అందులోని పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరిగే రకాలున్నాయి. అంతగా తిరిగే యంత్రం ఏదో ఒకనాడు అరగక మానదు. మరి అందులోని పెళ్ళి ఫోటోల గతి?

ఇక్కడే ఒక చక్కని గణితం ఉంది. మూడు డిస్కులు తీసుకోండి. మొదటి దానిలో 1011, రెండవ దానిలో 0110 ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి రాయండి. ప్రతి నిలువు వరుసలో '1'ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా మూడవ అంకె వేయండి. మూడవ డిస్కులో 1101 వస్తుంది. ఇప్పుడు రెండవ డిస్కు పాడైందనుకోండి. మిగిలిన రెండింటినీ చూసి అదే నియమం పాటించండి. 0110 తిరిగి వచ్చింది కదూ! ఇలా కొన్ని డిస్కులను ఒక జట్టుగా వాడే పద్ధతులకు 'రెయిడ్' అని పేరు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ఒక పత్రంలో వీటిని వివరించారు.

అయితే ఇక నిశ్చింతగా ఉండవచ్చా? ఉండకూడదు. మన లెక్కలో రెండు డిస్కులు ఒకేసారి పోతే మూడవది ఏమీ చేయలేదు. ఎవరైనా పొరపాటున ఫోటోను చెరిపేస్తే, అది జట్టు మొత్తం నుంచి పోతుంది. దొంగతనం, నిప్పు, పిడుగు పెట్టెను మొత్తంగా దెబ్బతీస్తాయి. గాదె కింద పందికొక్కులూ ఉన్నాయి! 2017 మేలో 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రామ్ 150 దేశాల కంప్యూటర్లలోకి చొరబడి, ఫైళ్ళకు తాళాలు బిగించి డబ్బు అడిగింది.

తెలివైన రైతు తిండిగింజలతో విత్తనాలను కలపడు. వాటిని వేరుగా దాస్తాడు. ఇక్కడా అంతే. విలువైన సమాచారానికి మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒక ప్రతి వేరే ఊళ్ళోనో, వేరే ఇంట్లోనో ఉండాలి. దీన్నే '3-2-1 నియమం' అంటారు. అప్పుడప్పుడు ఆ ప్రతిని తెరిచి, ఫోటోలు నిజంగా కనబడుతున్నాయో లేదో చూడాలి కూడా.

ఇప్పుడు మీకొక పని. మీ ఇంట్లో తాతయ్య ఫోటో, అక్క పెళ్ళి వీడియో ఎక్కడున్నాయో, ఎన్ని ప్రతులున్నాయో అడిగి తెలుసుకోండి. 'ఒక్కటే, ఫోన్‌లో' అని జవాబు వస్తే, రెండవ ప్రతి ఈ రోజే తీయించండి.